ఎడమ మడమ మీదిది

2 జనవరి, గురువారం

నరేంద్రబాబు నా చేతులు ముట్టుకోలేదు. కాగితాల అట్ట అంచుతో తిప్పి చూశాడు, చచ్చిన పామును కర్రతో తిప్పినట్టు.

"ఇవేందిరా పెంచల్?"

"పులిపిర్లు."

"ఎన్నాళ్ళ నించి?"

"మీరు చూడనన్నాళ్ళ నించి."

అక్కడ నోరు మూసుకోవాల్సింది. వెనకాల వరసలో నిలబడ్డవాళ్ళు నవ్వారు. రొయ్యల ప్లాంటు మొత్తానికి సూపర్‌వైజరు, నవ్వితే ఊరుకుంటాడా? బూట్లు కూడా విప్పించాడు. చేతుల మీద తొమ్మిది. కుడి పాదం కింద రెండు. ఎడమ మడమ మీద ఒకటి, రూపాయి బిళ్ళంత.

"డాక్టరు చీటీ తెచ్చేదాకా లోపలికి రాబాకు. చేతులూ కాళ్ళూ రెండూ బాగుండాయని రాసుండాల. పో, పెరట్లో ట్రేలు కడుక్కో."

ఐదేళ్ళు గ్రేడింగు టేబుల్ దగ్గర నిలబడ్డాను. రొయ్యను చూస్తే చాలు, కిలోకి ముప్పై తూగేదో నలభై తూగేదో చెప్పేస్తాను. కాటా నన్ను ఒప్పుకోవాలి గానీ నేను కాటాను అడగను. ఎవడూ నేర్పలేదు. అలాంటివాణ్ణి ట్రేలు కడగమన్నాడు.

ఆ బూట్లు ఎవరివి? ప్లాంటువి. నా షిఫ్టు అయ్యాక తడి ఆరకముందే ఇంకొకడు కాళ్ళు దూరుస్తాడు. రొయ్య కొమ్ము గుచ్చుకోని వేలు ఆ హాల్లో ఒక్కటి లేదు. రోగం ఇచ్చింది వాళ్ళు, సిగ్గు పడాల్సింది నేను.

మేత కంపెనీ వాళ్ళు పంచిన డైరీ ఇది. ఎనిమిదిలో బడి మానేశాక నేను చదివిందంతా మేత సంచుల మీద, పాత పేపర్ల మీద, ఫోనులో. రాయడం మాత్రం ఎవరికీ చూపించకుండా నేర్చుకున్నాను. దీన్ని ఎవరూ చదవరు కాబట్టి తిట్లు కూడా రాసుకోవచ్చు. నరేంద్రబాబు, నీ అట్ట విరగ.

5 జనవరి

అమ్మ గరిటె ఎత్తి పట్టుకుని అన్నం వేసింది. గరిటె నా కంచానికి తగలకూడదు.

"అట్టా ఎగరేస్తావేందిమా? నేనేమన్నా కుక్కనా?"

"కుక్కకైతే దగ్గరికి పోయి పెడతా. నీ చేతులు చూస్తే ఒళ్ళు జలదరిస్తుండాది రా నాయనా."

పులిపిర్లు రాలితే అమ్మవారి గుళ్ళో ఉప్పూ మిరియాలూ పోస్తానని మొక్కుకుందట. నీళ్ళలో ఉప్పు కరిగినట్టు కరిగిపోతాయట. మా అమ్మ ఆదిశేషమ్మ మొక్కుకుంటే దేవతకు కూడా భయమే. కానీ కంచం మాత్రం విడిగా కడుగుతోంది.

టీ కొట్టువాడు నాకు కాగితం గ్లాసు ఇస్తున్నాడు. మిగతావాళ్ళకు గాజుది. అడిగితే, "నీకు స్పెషల్ అన్నా" అన్నాడు.

7 జనవరి

పెరట్లో ట్రేలు కడిగే పెద్దాయన హజరత్తయ్య. ఆయన మాట విని జిల్లేడు పాలు పెట్టాను. చుట్టూ ఉన్న చర్మమంతా కాలి బొబ్బలెక్కింది. పులిపిరి మాత్రం రాజాలాగా మధ్యలో కూర్చుంది.

"ఎక్కువ పెట్టినావురా. చుక్క పెట్టమంటే చెట్టంతా పిండినావు."

"నువ్వు చెప్పలేదు గదా."

"చెప్పినా వింటావా నువ్వు? అన్నిటికీ కోపమే. ఇంకోటి చెప్తుండా విను, వాటిని లెక్క పెట్టబాక. లెక్క పెడితే పెరుగుతాయి."

ఇప్పటికే రాసేశాను. తొమ్మిది, రెండు, ఒకటి.

9 జనవరి, గురువారం

అల్లూరు క్లినిక్కుకి పోయాను. చర్మం డాక్టరు ఆనందబాబు గారు నెల్లూరు నుంచి గురువారం మాత్రమే వస్తాడు. ఒక్క నిమిషం చూశాడు. మడమ మీదిది ఆనెకాయ కాదట. పులిపిరేనట, నడిచి నడిచి లోపలికి నొక్కుకుపోయిందట. అందులో కనిపించే నల్ల చుక్కలు రక్తం గడ్డకట్టిన సన్న నాళాలట. ఎప్పటికి పోతాయి అంటే, "మొండివి. ఓపిక పట్టాలి" అని పక్క గదికి పంపించాడు.

పక్క గదిలో నర్సు ముక్కాలి పీట మీద కూర్చుని ఉంది. నన్ను ఎత్తు బల్ల మీద కూర్చోమంది.

"కాలు ఇట్టా ఇయ్యి."

"మురికి సిస్టర్."

"శుభ్రంగా ఉంటే నా కాడికి ఎందుకొస్తావు? ఇయ్యి."

తువ్వాలు పరచి నా మడమను ఒళ్ళో పెట్టుకుంది. ఎడమ చేత్తో చీలమండ పట్టుకుని, కుడిచేత్తో బ్లేడు పెట్టి పొర పొరగా చెక్కింది. గ్లౌజు వేసుకున్నా చేతి వేడి తెలుస్తుంది. ఈ సంగతి నాకు ఇప్పటిదాకా తెలియదు.

నా కాలు ఇంత బరువని ఇంకొకరు మోస్తే గానీ తెలియలేదు.

నర్సు పేరు ఎలిశబెతు. అది రాసుకోవాల్సిన సంగతి కాదు. మందు ఎలా వాడాలో రాసుకోవాలి. రేపు రాస్తాను.

10 జనవరి

రోజూ పడుకోబోయే ముందు గోరువెచ్చని నీళ్ళలో పావుగంట. తర్వాత గరుకు రాయితో రుద్దాలి. ఒక్క చుక్క మందు పులిపిరి మీదే పడాలి, పక్కన పడకూడదు. పైన ప్లాస్టరు. వారానికోసారి చెక్కించుకోవాలి. ఒక్క రోజు మానినా మళ్ళీ మొదటికి వస్తుందని చెప్పింది. డాక్టరు కాదు, ఆమె చెప్పింది.

23 జనవరి, గురువారం

"ఏం పని చేస్తావు పెంచల్?"

"రొయ్యల ప్లాంటులో గ్రేడింగు. ఇప్పుడు ట్రేలు కడుగుతుండా. ఇవి ఉండాయని బయటికి తోసినారు."

"తోస్తే తోసినారులే. ఇవి పోతే మళ్ళా పిలుస్తారు."

"వాళ్ళు పిలిస్తే పోయేదానికి నేనేమన్నా వాళ్ళ బానిసనా?"

ఆమె బ్లేడు ఆపి నా మొహం చూసింది. "కోపం మడమలోకి కూడా దిగుతుందా నీకు? బిగబట్టినావు. వదులు."

వదిలాను. ఎప్పటి నుంచి బిగబట్టుకున్నానో నాకే తెలియదు.

30 జనవరి, గురువారం

రాసేదానికేమీ లేదు. కాలు ఆమె ఒళ్ళో ఉన్నది పదకొండు నిమిషాలు.

13 ఫిబ్రవరి, గురువారం

చేతుల మీద నాలుగు రాలిపోయాయి. ఆమె నా అరచేతిని కిటికీ వైపు తిప్పి, వేళ్ళు ఒక్కొక్కటి విడదీసి చూసింది. "చెప్పినట్టు చేసేవాణ్ణి నిన్నే చూస్తుండా. అందరూ వారం పూసి వదిలేస్తారు" అంది.

చెప్పినట్టు చేసేవాడు. నన్ను ఇంతవరకూ ఎవరూ ఆ మాట అనలేదు. బళ్ళో అనలేదు, ప్లాంటులో అనలేదు, ఇంట్లో అసలు అనలేదు.

ఆమెది బోగోలు. వాళ్ళక్క రెజీనా అల్లూరులోనే ఉంటే ఆ ఇంట్లో ఉంటోంది. అక్కకు ఏడో నెల. ఇంకేమీ అడగలేదు. అడగడానికి నేనెవర్ని?

ఏడు నిమిషాలే. బయట జనం ఎక్కువ.

6 మార్చి, గురువారం

చేతుల మీద రెండే మిగిలాయి. అమ్మ ఇవాళ గరిటె కొంచెం కిందికి దించింది.

27 మార్చి, గురువారం

చేతులు శుభ్రం. కుడి పాదం శుభ్రం. మిగిలింది ఎడమ మడమ మీదిది ఒక్కటే. అది కూడా చిక్కిపోయింది, కందిగింజంత ఉంది.

ఆనందబాబు గారు చూసి, "భేష్. ఇంకో రెండు మూడు వారాలు. చీటీ రాసిస్తాను. తర్వాత రానక్కర్లేదు" అన్నాడు.

రానక్కర్లేదు.

మంచిదే. పొద్దున్నే పది కిలోమీటర్లు బస్సులో నిలబడి ఎవడొస్తాడు?

29 మార్చి

మందు పూయలేదు. కరెంటు పోయింది. నీళ్ళు కాచుకోలేదు.

30 మార్చి

మందు పూయలేదు. మర్చిపోయాను.

1 ఏప్రిల్

మందు పూయలేదు. నడుము నొప్పి.

2 ఏప్రిల్

పూశాను. కుడి కాలికి.

3 ఏప్రిల్, గురువారం

"ఇదేంది? పోయిన వారం కందిగింజంత ఉండింది. మళ్ళా పొంగిందే."

"మొండిది సిస్టర్."

"మొండోళ్ళకు మొండివే వస్తాయి." నవ్వింది. నా మడమ ఆమె ఒళ్ళో ఉండగా నవ్వింది. ఆ నవ్వు నా ఎముకకు తెలిసింది.

పదిహేను నిమిషాలు. లోతుగా చెక్కాల్సి వచ్చింది కాబట్టి.

17 ఏప్రిల్, గురువారం

ఇవాళ ఆమె తొందరలో ఉంది. సాయంత్రం వాళ్ళ సంఘంలో కాళ్ళు కడిగే ప్రార్థన ఉందట. గుడ్ ఫ్రైడే ముందు రోజు ఆడవాళ్ళ కాళ్ళు ఆడవాళ్ళు, మగవాళ్ళ కాళ్ళు మగవాళ్ళు కడుగుతారట. ఎవరితో మాటల్లేవో వాళ్ళ కాళ్ళు ముందు కడగాలట.

"మీకెవరితో మాటల్లేవు?"

"అది నీకెందుకబ్బయా? నీ కాలు కదిలీకుండా పెట్టు."

ఆడవాళ్ళే ఆడవాళ్ళకు అని చెప్పింది కదా. అయినా ఇంటికి వచ్చేదాకా అదే ఆలోచించాను. ఎవరి కాళ్ళు? ఎన్ని కాళ్ళు? అది ఆమె పని, ఆమె దేవుడు. నాకెందుకు?

నాకెందుకు అని రెండోసారి కూడా రాస్తున్నాను.

24 ఏప్రిల్, గురువారం

రెజీనాకు కొడుకు పుట్టాడట. నా కాలు చెక్కుతూ ఆ సంగతే చెప్పింది. ఆ పసివాడికి రోజూ నీళ్ళు పోసేది ఆమేనట. కాళ్ళు చాపుకుని కూర్చుని బిడ్డను కాళ్ళ మీద పడుకోబెట్టుకుంటుందట. "వేడి నీళ్ళు పడంగానే వాడు నా చేతి బొటనవేలు పట్టుకుంటాడు. ఇంక వదలడు" అంది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతు ఇంకో మనిషి గొంతులా ఉంది.

మందు పూయలేదు.

4 మే

అమ్మ మందు సీసాను వెలుతురుకు ఎత్తి పట్టుకుంది.

"ముందు సీసా నెలకే అయిపోయింది గదా. ఇది నెల దాటినా నిండుగా ఉండాదేందిరా?"

"ఇంకోటి కొన్నా."

"ఊ. గురువారం గురువారం ఉతికిన చొక్కా కూడా కొన్నావా?"

ఆదిశేషమ్మతో మాట్లాడకూడదు.

8 మే, గురువారం

ఇది వివరంగా రాయాలి.

ఆమె బ్లేడు లోపలికి పోనిచ్చి, "ఈసారి వేరు దొరికింది. వచ్చే వారానికి చూడు, ఉండదు" అంది. నా కాలు ఎగిరింది. నేను ఎగరేశానా, అదే ఎగిరిందా తెలియదు. బ్లేడు జారి గ్లౌజును చీల్చుకుని ఆమె కుడి బొటనవేలికి దిగింది. రక్తం.

"సిస్టర్..."

"ఏం కాలేదులే. గమ్మునుండు."

కుళాయి కింద కడుక్కుంది. ఇంకో గ్లౌజు వేసుకుని మిగిలింది పూర్తి చేసింది. 

"నొప్పెట్టినాదా?" అని అడిగింది. తన వేలు తెగితే నన్ను అడిగింది.

వచ్చే వారానికి ఉండదట. ఉంటుంది. నాకు తెలుసు, నా మడమ కదా.

15 మే, గురువారం

ఉంది.

12 జూన్

నరేంద్రబాబు పెరట్లోకి వచ్చాడు. చెప్పులు తడవకుండా రాయి మీద నిలబడ్డాడు.

"పెంచల్, వచ్చే నెల నించి పెద్ద ఆర్డరు ఉండాది. కన్ను ఉండేవాడు కావాల టేబుల్ కాడ. చేతులు బాగయినాయి గదరా, ఆ కాలి సంగతి తేల్చుకుని చీటీ తెచ్చెయ్యి."

"ఇంకా పోలేదు."

"ఆర్నెల్లా ఒక పులిపిరి? నెలాఖరు లోపల తేకపోతే కామాక్షయ్యను పెడతా."

కామాక్షయ్యకు నలభై తూగేదానికీ అరవై తూగేదానికీ తేడా తెలియదు. వాడి చేతిలో పడితే ఆ రొయ్యలే సిగ్గుతో చస్తాయి, ముందే చచ్చి ఉండకపోతే.

"పెట్టుకోండి" అన్నాను.

ఆయన అలాగే నిలబడి చూశాడు. కోపం లేదు ఆ చూపులో. అర్థంకాని లెక్క చూసినట్టు చూశాడు. అది నాకు ఇంకా మండింది.

ఆయన పోయాక హజరత్తయ్య ట్రే బోర్లించి దాని మీద కూర్చున్నాడు. "నీకు ట్రేలంటే అంత ప్రేమ ఎప్పుడు పుట్టిందిరా?"

నాకు ట్రేలు కడగడమే ఇష్టం. ఇక్కడ గాలి ఉంటుంది. లోపల క్లోరిన్ వాసన. ఎవడి చూపులూ పడాల్సిన పని లేదు.

1 జులై

కామాక్షయ్య టేబుల్ దగ్గరికి పోయాడు.

17 జులై, గురువారం

ఆమె బొటనవేలికి ప్లాస్టరు ఉంది. కత్తిపీట తగిలి తెగిందా అని అడిగితే, "ఊ" అంది. మామూలుగా మాట్లాడలేదు. బ్లేడు పట్టుకునేటప్పుడు బొటనవేలు ఆనించకుండా పట్టుకుంది.

కత్తిపీటే అయి ఉంటుంది.

24 జులై, గురువారం

గదిలో ఆమె లేదు. చెంచురామయ్య ఉన్నాడు, ముసలి కాంపౌండరు. నా కాలిని చంకలో ఇరికించుకుని కొబ్బరికాయ పీచు తీసినట్టు తీశాడు. "అరవబాక" అంటాడు, నేను అరవకముందే.

ఆమె బయట చీట్లు రాసే బల్ల దగ్గర కూర్చుని ఉంది. పేరు, వయసు, ఊరు. కలం వింతగా పట్టుకుంది. బొటనవేలు మీద ప్లాస్టరు లేదు. చూశాను.

నాకు కనబడినంత బాగా ఇంకెవరికీ కనబడదు. కంటితో చూసి చెప్పగలిగిన వాణ్ణి నేను. గరుకు. మధ్యలో నల్ల చుక్కలు. పులిపిరే. మే ఎనిమిదిన బ్లేడు దిగిన చోటే.

"సిస్టర్, అది..."

"అదే. అది పోయేదాకా గాయాలు ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. ఇంతకీ నీది పోయిందా?"

ఆమె మామూలుగానే అడిగింది. నేను వచ్చేశాను.

24 జులై, మళ్ళీ

నన్ను పెరట్లోకి తోశారు. ఆమెను చీట్ల బల్ల దగ్గరికి తోశారు. తోసింది నరేంద్రబాబు కాదు.

25 జులై

మందు పూశాను. ఎడమ మడమకు. పావుగంట నీళ్ళు, రాయి, చుక్క, ప్లాస్టరు.

26 జులై

పూశాను.

27 జులై

పూశాను. మార్చిలోనే పూసి ఉంటే ఏప్రిల్‌కి పోయేది. మే ఎనిమిదికి ఆ గదిలో నేను ఉండేవాణ్ణే కాదు. ఎలా తిప్పి చూసినా ఇదే వస్తోంది.

31 జులై, గురువారం

పొద్దున ఎవరూ రాకముందే పోయాను. ఆమె బల్ల తుడుస్తోంది.

"సిస్టర్, మార్చి నించి నేను మందు పూయలేదు."

"ఏంది?"

"మడమకు. కావాలనే పూయలేదు. ఉంచుకున్నా దాన్ని."

గుడ్డ అక్కడే ఆగిపోయింది. "ఎందుకు?"

వచ్చే దారిలో నాలుగు అబద్ధాలు తయారు చేసుకున్నాను. ఒక్కటీ రాలేదు. "మీరు కాలు పట్టుకుంటారని. ఇంకెవరూ ముట్టుకోరు నన్ను. అది పోతే గురువారం ఉండదు."

ఆమె కూర్చుంది. నాకు చెంపదెబ్బ పడి ఉంటే బాగుండేది.

"నేను రెండు నెలలు తల బద్దలు కొట్టుకున్నా పెంచల్. ఏం తప్పు చేస్తుండానా అని. డాక్టరును అడిగినా. పుస్తకాలు చూసినా. నీ పేరు చెప్పి ప్రార్థన చేసినా, తెలుసా నీకు?"

నేను నేల చూశాను.

"మా అక్క బిడ్డకు మూడు నెల్లు. పదిహేను రోజులాయ, వాడికి నీళ్ళు పోసి. ఎదురుగా కూర్చుని చూస్తుండా. మా అక్కకు చేత కాదు, వాడు ఏడుస్తాడు. నా బొటనవేలి కోసం చెయ్యి చాపుతాడు, నేను చెయ్యి వెనక దాచుకుంటుండా." చేతిలోని గుడ్డను బల్ల మీద పెట్టింది.  "ముట్టుకోకుండా ఉండటం ఎట్టా ఉంటుందో నీకు తెలుసు గదా. తెలిసి కూడా నాకు అంటగట్టినావా?"

తెలిసి కాదు అనబోయాను. సగం తెలుసు. ఎగిరింది నా కాలే.

"పో. అట్టా నిలబడబాక. జనం వస్తుండారు."

వచ్చేశాను. బస్సు ఎక్కలేదు. పది కిలోమీటర్లూ నడిచాను. చెంచురామయ్య చెక్కిన చోట నొప్పి. నొప్పి పుట్టడమే న్యాయం.

3 ఆగస్టు

పూశాను. కోపం రావడం లేదు. ఇది కొత్తగా ఉంది, జ్వరం వచ్చే ముందులా ఉంది.

7 ఆగస్టు, గురువారం

పోకూడదనుకున్నాను. మడమ చూపించుకోవాలి కాబట్టి పోయాను. ఆ వంక నిజమైనదే, ఈసారి.

చెంచురామయ్య చేతిలో బ్లేడు వణుకుతోంది. ఆ బ్లేడు ఎదురుగా ఆమె చెక్కించుకోవడానికి తన బొటనవేలు పెట్టి, వెంటనే వెనక్కి తీసుకుంది.

"నీకు కనబడదు గదా చెంచురామయ్యా, ఎందుకు లేనిపోనిది."

"కనబడతది తల్లీ. రెండు వేళ్ళు కనబడతుండాయి. అందులో ఏదో ఒకటి."

ఆమెకు నవ్వు రాలేదు. కుడిచేతి వేలు అది. ఎడమచేత్తో బ్లేడు తిరగదు. డాక్టరు ముందు వంద మంది ఉన్నారు. గుమ్మంలో నన్ను చూసింది. 

"చేతులు చూపించు."

చూపించాను, రెండు వైపులా.

"సబ్బుతో మోచేతుల దాకా కడుక్కో. రెండు గ్లౌజులు, ఒకదాని మీద ఒకటి వేసుకో. ఇచ్చింది నువ్వు, తీసేదీ నువ్వే. తప్పు కోస్తే మాత్రం ఆ బ్లేడు నీ గొంతుకే."

ముక్కాలి పీట మీద నేను కూర్చున్నాను. ఎత్తు బల్ల మీద ఆమె.

ఆర్నెల్లు ఆ చేతులు ఏం చేశాయో చూశాను. బ్లేడు పడుకోబెట్టి పట్టుకోవాలి. గుచ్చకూడదు, గీయాలి. తెల్లని పొర వచ్చినంతవరకే, ఎర్రని చుక్క కనబడితే ఆపాలి. రొయ్య వీపు గీసి నరం తీసేటప్పుడు కూడా చేతి బరువు ఇంతే ఉండాలి. ఎవరూ నేర్పలేదనుకున్నాను గానీ ఇది ఆమె నేర్పిందే.

ఆమె గోడ మీది బొమ్మ చూస్తూ కూర్చుంది. ఆమె చెయ్యి నా చేతిలో బిగుసుకునే ఉంది. వదులు అని చెప్పాలనిపించింది. చెప్పలేదు.

నాలుగు నిమిషాల్లో ముగించాను. ఐదో నిమిషం తీసుకోలేదు.

14 ఆగస్టు, గురువారం

ఆమె వేలు: సగం పొర పోయింది. నాలుగు నిమిషాలు.

మాటల్లేవు. చివర్లో, "మందు రోజూ పూస్తుండారా?" అని అడిగాను. నా మొహం చూసి, "నీలాగా అనుకున్నావా?" అంది. చెంచురామయ్యకు ఏమీ అర్థం కాక నవ్వాడు.

28 ఆగస్టు, గురువారం

నా మడమ శుభ్రం. ఆనందబాబు గారు చీటీ రాసిచ్చాడు, చేతులూ కాళ్ళూ అని రెండూ రాశాడు. జేబులో పెట్టుకుని ఆమె వేలు చూశాను. మూడు నల్ల చుక్కలు మిగిలాయి.

ఇంకో మూడు నాలుగు గురువారాలు. త్వరగా పోవాలి. ఈ వాక్యం రాసి కాసేపు చూస్తూ కూర్చున్నాను. త్వరగా పోవాలి. నిజంగానే అంటున్నానో లేదో చూసుకున్నాను. నిజంగానే.

29 ఆగస్టు

నరేంద్రబాబు చీటీ చదివాడు. "టేబుల్ కాడ ఖాళీ లేదు పెంచల్. ఐసు కొట్టే కాడ చేరు."

"సరే సార్. గురువారం పొద్దున రెండు గంటలు పర్మిషన్ కావాల."

"మళ్ళా ఎందుకురా? బాగయింది గదా."

"నాది బాగయింది."

ఇచ్చాడు. బూట్ల సంగతి కూడా అడిగాను. తడి బూట్లు ఒకరివి ఒకరికి ఇవ్వొద్దని. చూస్తానన్నాడు. చూడకపోతే రోజూ అడుగుతాను. దానికి కోపం అక్కర్లేదని ఇప్పుడు తెలిసింది, నోరు ఉంటే చాలు.

31 ఆగస్టు

అమ్మ గుళ్ళో ఉప్పూ మిరియాలూ పోసి వచ్చింది. "ఆ తల్లి మాట నిలబెట్టింది" అంది. కాదని చెప్పలేదు. ముద్ద కలిపి నా చేతిలో పెట్టింది. తిన్నాను. చాలాసేపు పట్టింది తినడానికి.

11 సెప్టెంబరు, గురువారం

చుక్క ఒక్కటే.

ఇవాళ ఆమె చెయ్యి వదులుగా ఉంది. మాట్లాడింది. బిడ్డ బోర్లా పడుతున్నాడట. వాళ్ళక్క నీళ్ళు పోస్తే సబ్బు కళ్ళల్లోకి పోతోందట. "నేను పోసేటప్పుడు ఒక్కసారి ఏడవలేదు, అడుగు కావాలంటే" అంది, నేనేదో కాదన్నట్టు.

నేను ఎవర్ని అడుగుతాను? ఆమె నవ్వింది. నాకు కాదు, తలచుకుని నవ్వింది. ఆ నవ్వు నాకు ఎప్పటికీ రాదు. అది ఆ పసివాడిది. అలా అనుకుంటే నొప్పి పుట్టింది గానీ కోపం రాలేదు.

25 సెప్టెంబరు, గురువారం

పొద్దున తొమ్మిదికి పోయాను. ఆమె చెయ్యి కడుక్కుని బల్ల మీద పెట్టింది. కిటికీ వైపు తిప్పాను.

బ్లేడు తీయలేదు.

వేలి ముద్ర గీతలు మామూలు చర్మం మీద ఒకదాని పక్కన ఒకటి పోతుంటాయి. పులిపిరి ఉన్న చోట అవి తెగిపోతాయి, దాన్ని తప్పుకుని పోతాయి. ఇవాళ తెగలేదు. ఒక కొస నుంచి ఇంకో కొసకు, కయ్యలో నాగలి చాలు పోయినట్టు, ఏ అడ్డమూ లేకుండా పోయాయి. రెండుసార్లు చూశాను. మూడోసారి కూడా చూశాను. మూడోది అవసరం లేదు.

ఇంకో వారం చూద్దాం అనొచ్చు. ఆమె నమ్ముతుంది. లోపల కొంచెం ఉన్నట్టుంది సిస్టర్ అంటే చాలు. ఆ మాట నా నాలుక చివర దాకా వచ్చింది, అది రాయకపోతే ఈ డైరీ దండగ.

"పోయింది" అన్నాను.

"నిజంగా?"

"గీతలు కలిసినాయి. చూడండి."

ఆమె వంగి చూసింది. తల నా తలకు దగ్గరగా వచ్చింది. కొబ్బరినూనె, డెట్టాలు వాసన. "అబ్బా" అంది మెల్లగా. "ఇంటికి పోంగానే పోస్తా వాడికి. ఈరోజే పోస్తా."

ఆమె చెయ్యి ఇంకా నా చేతిలోనే ఉంది. తీసుకోవడం మర్చిపోయింది. బిడ్డ దగ్గర ఉంది ఆమె మనసు. నేను పట్టుకుని కూర్చుంటే ఎంతసేపైనా అలాగే ఉండేదేమో.

ముందు వదిలింది నేనే.